పొయ్యి పోయింది... పొగగొట్టం మిగిలింది!

ఇల్లు కట్టి చూడమన్నారే గానీ, ఎవరో కట్టిన పాత ఇల్లు కొని చూడమని పెద్దలెవరూ అనలేదు. అనాల్సింది. కట్టుకునే ఇంట్లో ఏ ఇటుక ఎక్కడ పడిందో మన కళ్ల ముందే జరుగుతుంది. కొనే ఇంట్లో అలా కాదు. మనకంటే ముందు కాపురాలు చేసిన ముగ్గురో నలుగురో ఇల్లాళ్లు ఎక్కడ అలమర చెక్కించారో, ఎక్కడ గోడ తీయించారో చెప్పేదెవరు? ఒక పూత సున్నం వేస్తే అన్నీ కప్పడిపోతాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గమనించండి. మగవాళ్లు రోడ్డు వెడల్పు, గజం ధర, లింకు దస్తావేజులు చూస్తారు. అత్తగారు వీధిపోటు ఉందేమోనని చూస్తారు. వంటిల్లు చూడ్డం మన వంతు. మనమైనా గట్టు ఎత్తు చూస్తాం, పంపు తిప్పి చూస్తాం, ఫ్రిజ్ పట్టే చోటుందా అని మూరతో కొలుస్తాం. తలెత్తి కప్పుకేసి చూసేవాళ్లు ఎంతమంది? పాత ఇంటి వంటగదిలో అసలు సంగతి ఉండేది అక్కడే.

మన బందరులో, చిలకలపూడిలో, గుడివాడలో, అవనిగడ్డ వైపు పల్లెల్లో యాభై అరవై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో వంటగది ఎలా ఉండేదో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. గోడవార అరుగు, దాని మీద రెండు మూడు కట్టెల పొయ్యిలు, పక్కన దాలి, అందులో ఎర్రగా కాగే పాలు. ధాన్యం పండే ప్రాంతం గనక ఊకపొయ్యి ఉండని ఇల్లు తక్కువ. కాస్త కలిగినవాళ్లు పొయ్యి మీద గొడుగు పట్టినట్టు ఇటుకతో గూడు కట్టించి, అందులోంచి పొగగొట్టం కప్పు దాటించి పైకి తీసేవారు. చలికి నెగడు వేసుకోవలసిన దేశం కాదు మనది. అంచేత మన ఇళ్లలో ఇటుక గొట్టమంటే వంటింటిదే. లేనివాళ్లకి పెంకుల సందుల్లోంచే పొగ పోయేది, సగం మన కళ్లల్లోకి పోయేది.

తర్వాత గ్యాసొచ్చింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఇచ్చిన ఉజ్వల పథకం వచ్చాక పల్లెల్లో కూడా కట్టెల పొయ్యి పెరట్లోకి పోయింది. నిలబడి వండుకునే గట్టు కావాలి, మిక్సీకి చోటు కావాలి. ఇంకేం, మేస్త్రీని పిలిచి అరుగు పగలగొట్టించేశారు. అరుగుతో పాటు గూడు, గూటిని మోసే చిన్న గోడలు కూడా పోయాయి. కప్పు పైనున్న గొట్టాన్ని మాత్రం చాలామంది ముట్టుకోలేదు. ఎందుకంటే దాన్ని తీస్తే కప్పు తెరుచుకుంటుంది, పెంకులు సర్దాలి, వానకి కారుతుంది, మరో నాలుగు రోజుల కూలి అవుతుంది. కింద చోటు కలిసొచ్చింది చాలు, పైదాంతో మనకేం పనిలే అనుకున్నారు.

వాస్తు పేరు చెప్పి తీయించినవి కూడా తక్కువేం కాదు. వంటిల్లు ఆగ్నేయానికి మార్చాలన్నారని పాత వంటిల్లు పడకగదయింది, పొయ్యి ఉన్న మూల బీరువా చోటయింది. వాస్తు నమ్మేవాళ్లని నేనేమీ అనను. కానీ ఏ దిక్కున గోడ ఉండాలో చెప్పే సిద్ధాంతి గారు, ఆ గోడ నెత్తిన ఏముందో చూడ్డానికి అటక ఎక్కరు కదా!

<b>పది బస్తాల బరువు</b>

పైన మిగిలిపోయిన ఆ గొట్టం ఎంత బరువుంటుందనుకుంటున్నారు? చిన్న లెక్క వేద్దాం. బయటి కొలత రెండడుగుల చదరం, గోడ మందం నాలుగున్నర అంగుళాలు, ఎత్తు ఆరడుగులు అనుకోండి. మధ్యలో బోలు తీసేస్తే దగ్గరదగ్గర పదిహేను ఘనపుటడుగుల ఇటుక కట్టుబడి. ఘనపుటడుగు కట్టుబడి 50 కిలోల పైమాటే. అంటే మొత్తం ఏడెనిమిది క్వింటాళ్లు. మన లెక్కలో చెప్పాలంటే, 75 కిలోల ధాన్యం బస్తాలు పది తీసుకెళ్లి కప్పులో ఒకే చోట నిలబెట్టినట్టు. వానలో నానితే ఇంకా పెరుగుతుంది.

కింద గోడలున్నంత కాలం ఆ బరువు తిన్నగా పునాదికి దిగేది. గోడలు తీసేశాక దేని మీద ఆనింది? తెలిసిన మేస్త్రీ అయితే ఇనప గడ్డరు వేసి, దాని రెండు కొనలూ అటూ ఇటూ గోడల మీద రాతి పలకలు పెట్టి ఆనించి ఉంటాడు. తొందరలో ఉన్నవాడు రెండు చెక్క పలకలు అడ్డం పెట్టి, కింద తడికో, సీలింగో కొట్టి, సున్నం పూసి వెళ్లిపోయి ఉంటాడు. కింద నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఆ సున్నం వెనకే.

ఇంకో మెలిక ఉంది. పాత మిద్దెల్లో (మద్రాసు టెర్రస్ అంటారే, అవి) టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి సున్నంతో కప్పు వేసేవారు. గొట్టం వచ్చిన చోట దూలాన్ని కోసి, దాని కొనని ఆ గొట్టం గోడ మీదే ఆనించడం కూడా ఉండేది. అలాంటి చోట కింది గోడ తీస్తే గొట్టమే కాదు, దూలం కూడా గాల్లో ఉన్నట్టే. పెంకుటిళ్లలో వాసాల సంగతి కూడా ఇంతే.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, ఈడేపల్లి వైపు ఒక పాత లోగిలిలో మూడో వాటా కొనుక్కుంది. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు. ఒకప్పుడు వంటిల్లుగా ఉన్న గది ఆమె వాటాలో పిల్లల పడకగదిగా వచ్చింది. గృహప్రవేశానికి లేత నీలం రంగు వేయించింది. మొదటి వానాకాలంలోనే గోడ మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక దిగింది. రంగుల షాపువాళ్లు చెమ్మ అన్నారు, ప్రైమరు ఇచ్చారు. రెండుసార్లు వేయించింది. రెండుసార్లూ అదే చోట, అదే ఆకారంలో మళ్లీ మరక.

మూడోసారి వచ్చిన ముసలి మేస్త్రీ బ్రష్షు ముట్టుకోలేదు. మరక మీద వేలు రాసి వాసన చూశాడు.

“అమ్మగారూ, ఇది ఒట్టి చెమ్మ కాదండి, పొగండి. ఈ గోడలో గొట్టం ఉండాలండి” అన్నాడు.

“పొయ్యి ఎప్పుడో తీసేశారట కదా మేస్త్రి గారూ, గొట్టం ఎక్కడిది?”

“పొయ్యి తీసేత్తే గొట్టం పోద్దేటండీ? పైకెక్కి చూద్దాం, నిచ్చెన ఇప్పించండి.”

ఎక్కి చూశాడు. పెంకుల పైన మూడడుగులు, పెంకుల కింద అటకలో మరో నాలుగడుగులు, మొత్తం నిక్షేపంలా నిలబడి ఉందట గొట్టం. కింద రెండు టేకు పలకలు, ఒక తుప్పుపట్టిన ఇనప ఏంగిల్ ముక్క. పలకల ఒక కొన చెదలు తిని పిండయిపోయింది. సరిగ్గా దాని కింద, తడికె సీలింగుకి ఇవతల, పిల్లల మంచం. “దేవుడు మేలు చేశాడే” అంది మా వదిన ఫోనులో, ఆ మాట అంటూనే ఏడ్చేసింది. ఆ రాత్రికే మంచం వసారాలోకి వచ్చింది, గదికి తాళం పడింది.

పొగ మరక గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఏళ్ల తరబడి కట్టెలు, పిడకలు కాలిన గొట్టం లోపల మసితో పాటు జిగురులాంటి తారు, లవణాలు ఇటుకలోకి ఇంకుతాయి. ఈ లవణాలు గాలిలో తేమని లాక్కుంటాయి. అసలే సముద్రపు గాలి మనది. తేమ చేరగానే తారు కరిగి బయటికొస్తుంది. దాని మీద ఎన్ని పూతలు వేసినా లాభం లేదు. సిమెంటు పూత పూస్తే ఇంకా పక్కకి పాకుతుంది. పాత పూతని ఇటుక కనిపించేదాకా గీకించి, కొన్ని వారాలు ఆరనిచ్చి, మళ్లీ సున్నపు పూతే వేయించడం మేలు. అసలు ఆ గొట్టం తీసెయ్యడం అన్నిటికంటే మేలు.

<b>కొనేముందు ఏం చూడాలి</b>

ముందు ఇంట్లోకి కాదు, వీధి అవతలికి వెళ్లి నిలబడండి. కప్పు మీద గొట్టం కనిపిస్తోందా? కనిపిస్తే అది ఏ గది మీద ఉందో గుర్తుపెట్టుకుని లోపలికి వచ్చి ఆ గదిలో దాని అడుగు వెతకండి. పైన తల ఉండి కింద కాళ్లు లేకపోతే, మధ్యలో ఎవరో మోస్తున్నట్టే కదా! ఎవరు మోస్తున్నారో తేలేదాకా బయానా ఇవ్వకండి.

గొట్టం తల కూడా కొట్టేసి పెంకులు కప్పేసి ఉండొచ్చు. అప్పుడు నేల చూడండి. గదంతా ఒకరకం గచ్చు ఉండి, గోడవార నలుచదరంగా వేరే రకం బండలో, కొత్త సిమెంటో ఉంటే అది అరుగు తీసిన గుర్తు. మూడు గోడలకి పాత రంగు, ఒక్క గోడకే కొత్త రంగు ఉన్నా అనుమానించాల్సిందే. ఆ గోడని వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి గోడ ఒకలా పలుకుతుంది, బోలు గోడ ఇంకోలా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూసే చెవులే మనవి, ఇదేం కొత్త కాదు.

అటక ఎక్కడం తప్పదు. ఇంటాయన మొహమాటపడితే మేస్త్రీ చేతికి టార్చిలైటు ఇచ్చి ఎక్కించండి. గడ్డరు ఉందా, దాని కొనలు రెండు వైపులా కనీసం జానెడు గోడ మీద ఆనాయా, ఆనిన చోట రాతి పలక గానీ కాంక్రీటు దిమ్మ గానీ ఉందా అని అడగండి. మన పాత గోడలు చాలావాటికి మందం ఉంటుంది గానీ లోపల మట్టి అడుసే ఉంటుంది, పైకి మాత్రం సున్నం. అలాంటి గోడ మీద గడ్డరు కొన నేరుగా పెడితే అది గోడని కోసుకుంటూ దిగుతుంది. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి గోడని చీలుస్తుంది కూడా. పొరలు పొరలుగా రాలుతున్న ఇనుము ఉంటే ఉన్నట్టు లెక్కలోకి తీసుకోకండి.

బీటలున్నాయని ప్రతి ఇంటికీ భయపడక్కర్లేదు. రేగడి నేల మనది. ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది, గోడలకి సన్నబీటలు మామూలే. వెంట్రుకవాసి బీటని వదిలెయ్యండి. కందిగింజ దూరేంత బీట, అంటే అయిదు మిల్లీమీటర్లు దాటిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. అందులోనూ అది గొట్టం ఉన్న చోటి నుంచి ఐమూలగా కిందికి దిగుతూ, పక్కనే తలుపు బిగుసుకుపోతూ ఉంటే ఇంకా అనుమానం. బీట కదులుతోందో లేదో తెలుసుకోవడానికి పాత ఇంజినీర్ల పద్ధతి ఉంది. బీటకి అడ్డంగా సన్నటి గాజుముక్కని రెండు వైపులా సిమెంటుతో అతికి, పక్కన పెన్సిలుతో తేదీ రాస్తారు. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. ఒప్పందానికీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య నెలా రెండు నెలలు ఎలాగూ ఉంటుంది, ఆ గాజుముక్కకి అంత సమయం చాలు.

చిలకలపూడిలో కొనేవాళ్లకి ఒక అదనపు మాట. రోల్డుగోల్డు పని ఇళ్లలోనే సాగిన వీధులివి. గొట్టమున్న గదల్లా వంటిల్లే అయ్యుండాలని లేదు, కొలిమి పెట్టిన గది కావచ్చు. పూతపని జరిగిన గదైతే ఆమ్లాలు, సైనైడు లవణాలు వాడి ఉంటారు గనక, నేలా తూమూ ఎక్కడ, ఆ నీళ్లు ఎటు పోయేవి, పెరటి బావి ఎంత దూరం అని అడగండి. అడగడానికి సిగ్గెందుకు?

పాత వంటింటిని స్నానాలగది చేసి ఉంటే మరీ జాగ్రత్త. గొట్టం మూసేశారు, కిటికీ చిన్నది, అందులో గ్యాసు గీజరు బిగించారు. ఆ గీజరు మండినంతసేపూ గదిలో గాలి తరిగిపోతూ కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల తిరిగిందనుకునేలోపే మనిషి పడిపోతుంది. పొగ పోయే దారి లేని గదిలో గ్యాసు గీజరు ఉంటే, ఇల్లు కొన్న రోజే అది విప్పించి బయట గోడకి పెట్టించండి.

<b>కాగితాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు</b>

“ఈ.సి. తీయించాం, బ్యాంకువాళ్లు వచ్చి చూసి లోనిచ్చారు, ఇంకేం భయం?” అంటారు చాలామంది. ఈ.సి. చెప్పేది ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల గురించి. గోడ ఎవరు తీశారో అందులో ఉండదు. బ్యాంకు తరఫున వచ్చేవాళ్లు ముఖ్యంగా ఇల్లు ఎంత విలువ చేస్తుందో చూస్తారు. కప్పు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి కాదు వాళ్లు వచ్చేది. మునిసిపాలిటీలో మంజూరైన ప్లాను నకలు దొరికితే, అందులో ఉండి ఇప్పుడు లేని గోడలేవో పోల్చి చూడొచ్చు. బందరు మునిసిపాలిటీ 1866 నాటిది, 2015లో కార్పొరేషన్ అయింది. అయితే అంత పాతది గదా అని ప్రతి ఇంటి ప్లానూ దొరుకుతుందని ఆశపడకండి.

చట్టం మనకి కొంత అండగా ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లకి తెలియని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. కానీ ఒక మెలిక పెట్టింది. మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాళ్లకి కనపడే లోపమైతే ఆ బాధ్యత వాళ్లకి లేదు. వీధిలోంచి కనిపించే గొట్టాన్ని మనం చూడకపోతే, తర్వాత కోర్టులో “చెప్పలేదండీ” అంటే ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి. అందుకని ఒప్పందం రాసుకునేటప్పుడే “ఇంట్లో తీసిన గోడలు, పొగగొట్టాలు ఇవీ, వాటి కింద ఆనింపు ఇదీ” అని ఒక్క వాక్యం రాయించండి. అమ్మేవాళ్లు నీళ్లు నమిలితే అదే మీకు జవాబు.

పంచుకున్న ఇళ్లల్లో గొట్టం ఉమ్మడి గోడకి ఆనుకుని ఉంటుంది. అవతలి వాటాలో వాళ్ల గొట్టం కూడా అదే గోడకి వీపు ఆనించి ఉండొచ్చు. 1882లోనే వచ్చిన ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం, ఒకరి కట్టడానికి పక్కవారి కట్టడం 20 ఏళ్లు ఆటంకం లేకుండా, హక్కుగా ఆసరా ఇస్తూ వస్తే ఆ ఆసరా మీద వాళ్లకి హక్కు ఏర్పడుతుంది. కాబట్టి మన ఇల్లే కదా అని మన వైపు చెక్కేస్తే ఊరుకోరు, ఊరుకోనక్కర్లేదు కూడా. పని మొదలుపెట్టే ముందు పక్కింటావిడని పిలిచి కాఫీ ఇచ్చి చెప్పడం, పంపకాల దస్తావేజులో ఆ గోడ ఎవరిదని రాశారో చదివించుకోవడం రెండూ చెయ్యండి.

ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలకి ఈ బెడద ఇంకా ఎక్కువ. అక్కడ నూరేళ్ల నాటి వరస ఇళ్లలో గదిగదికీ బొగ్గుల నెగడు ఉండేది. గదిలోకి పొడుచుకొచ్చిన ఆ ఇటుక కట్టుని చిమ్నీ బ్రెస్ట్ అంటారు. చోటు కోసం కింది అంతస్తులో దాన్ని తీసేసి, పై అంతస్తుదీ కప్పు మీదిదీ అలాగే వదిలేసిన ఇళ్లు అక్కడా ఉన్నాయి. కాకపోతే అక్కడ దాన్ని తీయాలంటే భవన నిబంధనల కింద అనుమతి, పని అయ్యాక పూర్తయినట్టు సర్టిఫికెట్ ఉండాలి. పక్కింటితో ఉమ్మడి గోడైతే 1996లో వచ్చిన పార్టీ వాల్ చట్టం ప్రకారం ముందుగా నోటీసివ్వాలి. అక్కడ ఇల్లు కొంటున్న కొడుకో కూతురో ఫోటోలు పంపిస్తే, ఆ సర్టిఫికెట్ అడిగారా అని మీరు ఇక్కణ్ణుంచే అడగొచ్చు.

<b>ఇప్పటికే కొనేసి ఉంటే</b>

కొనేశాక తెలిస్తే ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. చేయించాల్సిన పని చేయిస్తే సరిపోతుంది. ముందు కింద ఎవరూ పడుకోకుండా, కూర్చోకుండా గది ఖాళీ చెయ్యండి. తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. మేస్త్రీ అనుభవం గొప్పదే, కాదనను, కానీ గడ్డరు మందం లెక్కకట్టి కాగితం మీద రాసిచ్చేది ఇంజినీరే. రేపు మీరు అమ్మాల్సొచ్చినా ఆ కాగితం పనికొస్తుంది.

గొట్టంతో పనిలేదనుకుంటే మొత్తం తీయించెయ్యడం మంచిది. తీసేటప్పుడు పైనుంచి కిందికి, ఒక్కొక్క వరస ఇటుక ఊడదీస్తూ రావాలి. కింద ముందుగా జాకీలు గానీ, గట్టి సరుగుడు బాదులు గానీ పోటు పెట్టి ఉండాలి. తీసిన ఇటుకలు కప్పు మీద పోగెయ్యనివ్వకండి, అదీ బరువే. దూలం కొన ఆని ఉంటే దాని సంగతి తేల్చాకే గోడ జోలికి వెళ్లాలి. మా వదిన ఇంట్లో ఇద్దరు పనివాళ్లతో మూడు రోజులు పట్టింది. అందులో ఒక రోజు మసి ఎత్తడానికే సరిపోయింది. పిల్లల పుస్తకాల దాకా నల్లగా అయిపోయాయి. ముందే గుమ్మాలకి తడిదుప్పట్లు కట్టించి ఉంటే బాగుండేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

పని వేసవిలో పెట్టుకోండి. ఆశ్వయుజ కార్తికాల్లో కప్పు తెరవడం మన తీరంలో తెలివైన పని కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులో సుమారు 30 వేలమందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. 1990లో మే నెలలోనే వచ్చింది తుపాను, కాబట్టి వేసవి అన్నా వాతావరణ కబురు వింటూ ఉండాల్సిందే. ఇళ్లు కట్టేటప్పుడు మన తీరానికి ఇంజినీర్లు లెక్కలోకి తీసుకునే గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. కింద ఆసరా లేని ఇటుక గొట్టం అంత గాలిని ఆపుకోలేదు. పడితే పెంకుల్నీ వాసాల్నీ కూడా లోపలికి తీసుకుని పడుతుంది.

గొట్టం ఉంచుకోదలిస్తే, గడ్డరు వేయించాక పైన వాన పడకుండా పలక కప్పించండి. అయితే పక్కల గాలి ఆడేలా ఖాళీ వదలాలి. కింద మూసిన చోట కూడా జానెడు జాలీ పెట్టించాలి. రెండు వైపులా బిగించేస్తే లోపల చెమ్మపట్టి మళ్లీ గోధుమరంగు మరక మొదలవుతుంది. ఆ ఖాళీలకి సన్నటి వల కొట్టిస్తే తేనెటీగలు, గబ్బిలాలు చేరవు. వల కొట్టే ముందు లోపల పిచ్చుక గూడేమైనా ఉందేమో చూడమనండి. పిల్లలుంటే అవి ఎగిరిపోవడానికి రెండు వారాలు పడుతుంది, మేస్త్రీకి ఆ తర్వాతే రమ్మని కబురు పెట్టండి.